హార్నర్స్ సందులో మూడు దెబ్బలు

హార్నర్స్ సందుకి మంచి పేరు లేదు. ఎడిన్‌బరోలో చెడ్డపేరున్న సందులకి కొదవా ఏమిటి? కోట దగ్గర్నించి కిందికి దిగే పెద్ద వీధికి రెండు పక్కలా సందులే. కానీ హార్నర్స్ సందు సంగతి వేరంటారు. చీకటి పడ్డాక ఆ సందు చివర మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే... వెనక గోడలోంచి ఎవరో తడతారట. ఎవరా అని తలుపు కోసం వెతికితే, తలుపుండదట. ఉన్నదంతా గోడే.

ఈ చెడ్డపేరు తెచ్చింది ప్లేగూ కాదు, పాడుకాలమూ కాదు. డూగల్ తెచ్చాడు.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకి పొద్దుపోయాక ఏదో ఒక కాలక్షేపం కావాలి కదా. కొందరు విస్కీ రుచి చూస్తారు. కొందరు బ్యాగ్‌పైపు తిత్తి ఊదేవాడి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. కొందరు టిక్కెట్టు కొనుక్కుని మరీ భయపడతారు. ఆ భయం అమ్మే కంపెనీలు మా ఊళ్ళో వీధికి రెండు. వాటిల్లో ఒకదానికి డూగల్ ఇరవై ఏళ్ళుగా పెద్దదిక్కు. నల్ల అంగీ, చేతిలో లాంతరు, వెనకాల జనం.

అంతకుముందు అతను నాటకాల్లో ఉండేవాడు. రాజుగారి వెనక బల్లెం పట్టుకుని నిలబడే వేషాలు. రాజు చచ్చేదాకా నోరు మెదపడానికి వీల్లేదు, చచ్చాక అసలే వీల్లేదు. ఇక్కడైతే అలా కాదు. రాత్రి ఎనిమిదయ్యిందంటే మాటంతా అతనిదే. చివర్లో చప్పట్లు కూడా అతనివే. యాభై నాలుగేళ్ళ ఒంటరి మనిషికి ఆ చప్పట్లు తప్ప వేరే కూడు వంటబట్టేది కాదు.

గోడలో మాగీ కథ అతను సొంతంగా అల్లిందే. ప్లేగు తగిలిన మాగీని కట్టుకున్నవాడే లోపల పెట్టి గోడ కట్టేశాడనీ, తొమ్మిది రాత్రులు తట్టితట్టి చచ్చిపోయిందనీ. "ఆవిడ తడితే పలకండి... పరవాలేదు," అనేవాడు గొంతు తగ్గించి. "తీయడం మాత్రం వద్దు. గోడలో రాయి తీశారో — మిమ్మల్నీ లోపలికి లాక్కుంటుంది."

సరిగ్గా అప్పుడు చీకట్లోంచి విల్లీ వాళ్ళ మీదికి దూకేవాడు. విల్లీ ఉద్యోగమే అది. అలా దూకేవాణ్ణి మేం దూకుడుగాడనే అంటాం. అరవై రెండేళ్ళ మనిషి, సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. రోజూ ఒక్కసారి దూకి, ఇంటికెళ్ళి నడుముకి మందు రాసుకునేవాడు.

మరి గోడలోంచి చప్పుడు? అది ఉత్తిదేం కాదు. ఆ గోడవతల నెట్టా బేర్డ్ అనే ముసలావిడ ఉండేది. కొండ మీద కట్టిన ఊరు మాది. పై వీధికి నేలమాళిగైనది కింది వీధికి మూడో అంతస్తు అవుతుంది. అందుకని రాతిగోడకి ఇవతల దెయ్యాల కొట్టు, అవతల నెట్టా వంటిల్లు. రోజూ ఎనిమిదిన్నరకి పరాయి దేశాలవాళ్ళు చెవి పక్కనే కెవ్వుమంటుంటే ఎనభై మూడేళ్ళ మనిషి ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? చేతికర్ర తీసుకుని గోడని దబదబా బాదేది.

"విన్నారా... మాగీ!" అనేవాడు డూగల్.

ఒకసారి ఆవిడ అంత చుట్టూ తిరిగి, కర్ర పోటేసుకుంటూ కొండెక్కి వచ్చింది. "ఇదిగో అబ్బాయ్, నేనింకా చావలేదు. నీ గొంతు రాళ్ళలోంచి దూరి మరీ వస్తోంది. కాస్త నెమ్మదిగా చెప్పుకోకూడదూ?"

డూగల్ టోపీ తీసి వంగి దండం పెట్టాడు. "మీరు బాదబట్టే అమ్మా, నా కథ రక్తి కడుతోంది."

"సిగ్గులేని జన్మ," అని ఆవిడ వెళ్ళిపోయింది. మర్నాడు ఇంకా గట్టిగా బాదింది. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ మేడలో చివరికి మిగిలిన మనిషి ఆవిడే. ఆవిడ వాటాలో ఇప్పటికీ మీటర్లో డబ్బులేస్తేనే కరెంటు. మిగతా వాటాలన్నీ వారానికింత అని వచ్చిపోయేవాళ్ళకి అద్దెకిచ్చేస్తున్నారు. జనవరి వచ్చిందంటే అన్నీ ఖాళీ. ఆవిడ వాటా కూడా అమ్ముడుపోయింది. "శుక్రవారం వెళ్ళిపోతోందిరా," అన్నాడు విల్లీ. "మేనకోడలు కారేసుకుని వస్తుందట." నలభై ఏళ్ళున్న ఇల్లు వదిలి పోతున్న మనిషికి ఒక మాట చెప్పొద్దామని డూగల్‌కి తట్టలేదు. ఇక గోడ మోగదే అన్న బెంగ ఒక్కటే పట్టుకుంది.

బెంగకి కారణముంది. కంపెనీ నడిపే షోనా గడువు పెట్టింది. "చూడు డూగల్, నీ ఆటకి పదిమంది కూడా రావడం లేదు. ఈ నెలాఖరుకి పుంజుకోకపోతే చెవుల్లో పెట్టుకునే యంత్రాలు తెప్పిస్తా. కథ అదే చెబుతుంది. దానికి జలుబు చెయ్యదు, అలగదు."

శనివారం విల్లీ నడుం పట్టేసి మంచమెక్కాడు. దూకేవాడు లేడు, గోడ మోగదు. పదకొండు మందిని వెంటేసుకుని డూగల్ ఒక్కడే దిగాడు. బయట సన్నగా మంచు పడుతోంది. లోపల లాంతరు వెలుగు తప్ప ఇంకేం లేదు. కథ చెప్పుకుంటూ వచ్చాడు. గోడ కట్టడం అయింది... తొమ్మిది రాత్రులు అయ్యాయి... "ఆవిడ తడితే —"

టక్... టక్... టక్.

డూగల్ గోడ వైపు తిరిగాడు.

ఇది నెట్టా బాదుడు కాదు. ఇందులో కోపం లేదు. నెమ్మదిగా, ఓపిగ్గా... అదీ గోడ అడుగునుంచి, నేలకి జానెడెత్తులో. కర్రతో కొట్టే మనిషి అక్కడెందుకు కొడుతుంది? అసలు కొట్టడానికి గోడవతల మనిషేదీ? నిన్ననే వెళ్ళిపోయిందిగా!

టక్... టక్... టక్.

లాంతరు మెట్ల వైపు తిప్పాడు. "పదండి," అన్నాడు. "బయటికి... పదండి." తోసినంత పని చేసి అందర్నీ మెట్లెక్కించాడు.

పైకొచ్చాక ఒక ఆస్ట్రేలియా ఆయన భుజం తట్టి, "నటనంటే అదయ్యా! మొహంలో నెత్తురు చుక్క లేదు!" అన్నాడు. పదకొండు మందే అయినా చప్పట్లు సందంతా మోగాయి.

ఆ రాత్రి డూగల్ దీపాలన్నీ వేసుకుని పడుకున్నాడు. ఇరవై ఏళ్ళు దెయ్యాలమ్ముకుని బతికినవాడు, ఒక్కనాడూ వాటిని నమ్మని ఘనుడు, దుప్పటి ముసుగేసుకుని ఒకటే అనుకున్నాడు. మాగీ అనేదాన్ని నేనే పుట్టించాను... నా నోట్లోంచి పుట్టి, గోడలోకి వెళ్ళి కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే షోనా ఫోను. "ఏం చేశావయ్యా నిన్న! రాత్రికి రాత్రి జనం నీ సంగతి ఫోన్లలో పెట్టేశారు. ఇరవై ఆరు టిక్కెట్లు పోయాయి అప్పుడే. ఎలా చేశావ్? ఆఁ, వద్దొద్దు, చెప్పకు!"

చెప్పకు అనడం మా ఊరి మర్యాద. దెయ్యాల పనిలో ఉన్నవాళ్ళు ఒకరి మాయ ఇంకొకరు అడగరు. వంటవాణ్ణి చెయ్యి కడుక్కున్నావా అని అడిగినట్టు ఉంటుందది. నేనేం చేయలేదమ్మా అనడానికి డూగల్ నోరు తెరిచాడు. ఇరవై ఆరు మంది గుర్తొచ్చారు. నోరు మూసుకున్నాడు.

ఆ రాత్రి ఒళ్ళంతా భయమే. భయం పైన ఆశ. గోడకి నాలుగు బారల దూరంలో నిలబడి, తానే ఎరగని కొత్త మాట ఒకటి అనేశాడు.

"అడగండి. ఉందో లేదో మీరే అడగండి. మూడుసార్లు తట్టండి."

జనం ఎగబడ్డారు. ఇరవై ఆరు అరచేతులు రాతి మీద పడ్డాయి. ఒకటి... రెండు... మూడు.

అందరూ రాతికి చెవులు ఆనించారు.

టక్టక్టక్! వెంటనే మళ్ళీ టక్టక్టక్! ఈసారి నెమ్మది లేదు, ఓపిక లేదు. ఆగకుండా, ఒకదాని మీద ఒకటి, గోడ అడుగునుంచి... ఎంతో తొందరున్నట్టు.

ఒకామె కెవ్వుమని అరిచి నవ్వింది. ఫోన్లు పైకి లేచాయి. డూగల్ వెనక్కి తగ్గాడు. "తీయడం మాత్రం వద్దు!" అని అరిచాడు. అలవాటుగా వచ్చిన మాటే, కానీ ఆ రాత్రి ప్రాణభయంతో అన్నాడు. "చాలు... ఇక చాలు... గుడ్‌నైట్ మాగీ!"

"గుడ్‌నైట్ మాగీ!" అన్నారు ఇరవై ఆరు మందీ. చప్పట్లు కొట్టి, చిప్సు తినడానికి పోయారు.

సోమవారం నలభై ముగ్గురు. మాళిగలో నిలబడ్డానికి చోటు లేదు. విల్లీ నడుముకి పట్టీ కట్టుకుని పనిలోకి వచ్చి, మూల చీకట్లో నక్కాడు. డూగల్ అడగమన్నాడు. నలభై ముగ్గురూ తట్టారు.

...

మళ్ళీ తట్టారు.

చాలాసేపటికి... టక్.

ఒక్కటే. చెంచాని గిన్నె అంచుకి తాకించినట్టు. తర్వాత ఎంత తట్టినా ఏమీ లేదు. "ఇంతేనా?" అన్నాడొకడు. "వీడియోలో ఇంకా ఎక్కువుంది," అంది ఇంకొకతె. డబ్బు తిరిగిచ్చేయమంటూ పైన టిక్కెట్ల దగ్గరున్న షోనా చుట్టూ మూగారు. ఆ రాత్రి చప్పట్లు లేవు.

అంతా పోయాక డూగల్ మెట్ల మీద కూలబడ్డాడు. విల్లీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒరేయ్ డూగల్. నెట్టా నిజంగా వెళ్ళిపోయిందా?"

"శుక్రవారమే వెళ్తుందని నువ్వే చెప్పావుగా."

"చెప్పాను. మంచం మీదున్నా కదా, చూళ్ళేదు. ఇందాక కింది వీధిలోంచి వస్తూ చూస్తే, ఆవిడ వంటింటి కిటికీలో దీపముంది."

"...మాగీ," అన్నాడు డూగల్, గొణుగుతూ. వేళాకోళానికి కాదు. నిజంగానే అన్నాడు.

విల్లీ అతని మొహంలోకి వంగి చూశాడు. "దెయ్యాలు కరెంటు మీటర్లో డబ్బులు వెయ్యవురా, వెధవా."

ఆ తర్వాత ఇద్దరూ పరిగెత్తారు. సందు దిగి, కింది వీధి చుట్టి, మూడంతస్తులెక్కారు. తలుపు పగలగొట్టింది విల్లీయే, ఆ నడుముతోనే.

వంటింట్లో మూటలు కట్టి ఉన్నాయి. మూటల మధ్య, గోడవార, నేల మీద నెట్టా. విప్పిన మూటలోంచి లాక్కున్న రెండు కోట్లు ఒంటి మీద కప్పుకుని ఉంది. తుంటి విరిగింది. చేతికందే దూరంలో పాల డబ్బా ఖాళీగా పడుంది. గుప్పిట్లో చెక్క గరిటె. ఊపిరి ఉంది.

జరిగింది ఇంతే. మంచుకి దారి బాగాలేదని మేనకోడలు ప్రయాణం బుధవారానికి మార్చింది. ఫోను శుక్రవారమే తీయించేశారు. శనివారం మధ్యాహ్నం దీపం వేసుకుని మూట ఎత్తబోయి ఆవిడ జారిపడింది. అరవడానికి గొంతు చాల్లేదు. మేడంతా ఖాళీ. ఆ చుట్టుపక్కల, రోజూ టంచనుగా, మనుషులుండే చోటు ఒక్కటే ఉంది, గోడవతల.

పదిరోజులకి గానీ డూగల్ ఆసుపత్రికి వెళ్ళలేకపోయాడు. పూలు తీసుకెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్తాడు? మంచం పక్కన కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నాడు.

"అమ్మా... మీరు ఊళ్ళో లేరనుకున్నాను. నిజంగా దెయ్యమే అనుకున్నాను."

"తెలుసు. విల్లీ చెప్పాడు." గొంతు సన్నగా ఉంది, కానీ మాట తడబడలేదు. "నీ మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి అబ్బాయ్. నీ గొంతు సంగతి నేనెప్పుడో చెప్పాను."

డూగల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"శనివారం భయపడి పారిపోయావు. సరే అనుకున్నా. ఆదివారం మీరు తిరిగి తట్టారు చూశావూ..." ఆవిడ దుప్పటి సరిచేసుకుంది. "అమ్మయ్య, విన్నారు, వచ్చేస్తున్నారు అనుకున్నా. పరాయి మగాళ్ళొస్తారు కదా, గౌను మోకాళ్ళ పైకి పోయి ఉంది. కాలు కదపలేను. కొంచెం కొంచెంగా కిందికి లాక్కున్నా. జుట్టు సవరించుకున్నా. ఇల్లు ఇలా ఉందేమిటా అని సిగ్గుపడ్డాను కూడా. తర్వాత నువ్వు గుడ్‌నైట్ అన్నావు."

పక్క మంచం దగ్గర ఎవరో టీ కలుపుతున్నారు.

"చప్పట్లు కూడా కొట్టారు," అంది నెట్టా. "చాలాసేపు కొట్టారు. అక్కడ పడుకుని అదే ఆలోచించాను. ఎవరికి కొట్టారబ్బాయ్ అవి?"

డూగల్ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత, ఆ గొంతుతో ఎప్పుడూ చెప్పనంత నెమ్మదిగా చెప్పాడు.

"నాకే."