పక్కకి పరుగు

"లైట్లు ఆర్పు! ఆర్పమంటుంటే!"

చేతులు ఊపుతూ దారికి అడ్డంగా పరుగెత్తాను. మా అబ్జర్వేటరీకి వచ్చే ఏ బండైనా ఆఖరి మలుపు దగ్గర హెడ్‌లైట్లు ఆర్పేయాలి. ఆ వెలుగు టెలిస్కోపులో పడితే తీస్తున్న ఫొటో పాడైపోతుంది.

వ్యాను ఆగింది. కిటికీలోంచి ఒకమ్మాయి తల బయటపెట్టింది.

"ఆర్పేసి లోయలో పడితే నీ చుక్కలొచ్చి పైకి లాగుతాయా?"

ఇత్తో అనే ఆ అమ్మాయితో నా పరిచయం అలా మొదలైంది. వాళ్ళ నాన్నకి బదులు ఇకమీదట రొట్టెలు, ఆలివ్‌లు, గ్యాసుబండ ఆమే తెస్తుందట.

నా పేరు హమ్మూ. ఈ అట్లాస్ కొండ మీద చలికాలమంతా ఒక్కణ్ణే ఉంటాను. మిగతావాళ్ళు మరాకేష్‌లో కూర్చుని కంప్యూటర్లో చుక్కల్ని చూస్తారు. మంచు పడితే టెలిస్కోపు మీది గోపురం మూయడానికి ఇక్కడో మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. అమ్మానాన్నా పోయారు. ఎదురుచూసేవాళ్ళు లేనివాడికి కొండైతేనేం, ఊరైతేనేం అనుకునేవాణ్ణి. ఆమె వ్యాను చప్పుడు అలవాటయ్యాక మాత్రం మిగతా రోజుల నిశ్శబ్దం భరించలేకపోయాను.

"ఆ చుక్కేంటి, అంత ఎర్రగా ఉంది? జ్వరమొచ్చిందా?" అందో సాయంత్రం, టీ గ్లాసు చేతులతో పొదివి పట్టుకుని.

"ముసలిదైంది. గ్యాసు మేఘం ముద్దకట్టి పుట్టింది. మరీ పెద్దది కదా, ఉన్న ఇంధనమంతా దుబారా చేసేసింది. ఇప్పుడు ఉబ్బి ఎర్రబడింది. ఏదో ఒకనాడు పేలిపోతుంది."

"మరి చిన్న చుక్కలో?"

"పొదుపెక్కువ. కొంచెం కొంచెంగా మండుతూ చాలాకాలం బతుకుతాయి."

"నీలాగన్నమాట. ఖర్చూ లేదు, వెలుగూ లేదు!" పకపకా నవ్వింది. "సరే, చందమామ మన మీద పడిపోదేం?"

"పడుతూనే ఉంది. కానీ పక్కకి పరుగెడుతూ పడుతోంది. అందుకే మనకి తగలకుండా చుట్టూ తిరుగుతోంది."

"ఆ పరుగు ఆగిపోతే?"

"నేరుగా వచ్చి పడుతుంది."

ఆమె నా వైపు చూసింది. నేను కెటిల్ వైపు చూశాను.

ఆ తర్వాత వచ్చినప్పుడు సామాన్లు దించి గుమ్మంలోనే నిలబడింది.

"శుక్రవారం అగాదీర్ నుంచి వస్తున్నారు. చక్కెర దిమ్మలు పట్టుకుని."

పెద్దలు చక్కెర దిమ్మలతో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వస్తున్నారంటే పిల్లనడగడానికే.

"మంచిదేగా," అన్నాను. నా నోరు పడిపోను!

"మంచిదా? నీ చుక్కలకి కోట్ల ఏళ్ళ టైముంది హమ్మూ. నాకు శుక్రవారం దాకే ఉంది."

వ్యాను తలుపు ధడాలున మూసి వెళ్ళిపోయింది. నాకు అడగాలని లేక కాదు. పిల్లనడగడానికి పెద్దలు కావాలి. నేనెవర్ని తీసుకెళ్ళను?

శుక్రవారం గోపురం మూసేసి, మరాకేష్‌కి ఫోన్లో చెప్పి, కిందకి దిగాను. ఊళ్ళో కొట్లో ఒక్క చక్కెర దిమ్మ కొన్నాను.

వాళ్ళ గుమ్మం నిండా చెప్పులు. ఇత్తో వాళ్ళమ్మ ఎదురొచ్చింది.

"రా నాయనా, రా. కార్లో చోటు సరిపోలేదా? వెనక పడ్డావే!" అంటూ నా చేతిలో దిమ్మ లాక్కుని అగాదీర్ వాళ్ళ దిమ్మల పళ్ళెంలో పెట్టేసింది.

నోరు మూసుకుంటే టీ తాగి, వాళ్ళలో ఒకడిలా వెళ్ళిపోవచ్చు. ఇత్తో టీ పళ్ళెంతో వంటింటి తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"అమ్మా, ఆ దిమ్మ వాళ్ళది కాదు. నాది."

ఇత్తో నాన్న బ్రాహీం కళ్ళు చిట్లించాడు.

"నువ్వు కొండ మీది కుర్రాడివి కదూ? ఎవరి తరఫున వచ్చావు?"

"నా తరఫునే. ఇత్తో అంటే నాకు ప్రాణం. మీరిస్తే చేసుకుంటాను."

"మీ పెద్దలేరి?"

"లేరండీ. ఉంటే వాళ్ళనే తెచ్చేవాణ్ణి."

అగాదీర్ వాళ్ళందరూ ఒక గోడ వారన కూర్చున్నారు. ఎదుటి గోడ దగ్గర నేనొక్కణ్ణే. వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇత్తో టీ పళ్ళెం కింద పెట్టింది. మూల కూర్చున్న వాళ్ళ నానమ్మ చెవిలో ఏదో చెప్పి, చెయ్యి పట్టి లేపి, మెల్లగా నడిపించుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది.

ముసలావిడ ముసుగు సర్దుకుంది. కొడుకు కేసి సూటిగా చూసింది.

"ఏం బ్రాహీమూ, ఈ అబ్బాయి తరఫు పెద్దని నేను. మీ పిల్లని మావాడికిస్తావా?"

బ్రాహీం ఏమన్నాడో నేను సరిగ్గా వినలేదు. నన్ను మావాడని ఒకరు అనగా విని ఎన్నేళ్ళయిందో! తల వంచుకుని ఏడుస్తున్నాను.

"సరేనన్నాడు, మొద్దూ," అంది ఇత్తో నా వెనక నుంచి.