తచిమోరి వారి దత్తుడు

పరాయి దేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో అదొక గోదాము. కిటికీ లేని గదిలో, ఏసీ చలిలో చక్రధర్ పాత సామాన్లకు ఫోటోలు తీస్తున్నాడు. వేలానికి వచ్చిన ఆ సొత్తంతా జపాన్‌లో తచిమోరి అనే సమురాయ్ దొరల వంశానిది. చెక్కపెట్టె మీద మనిషి కూర్చున్నట్టే అమర్చిన కవచం, దానికో ఇనప ముఖం, పెద్దల పేర్లు చెక్కిన పలకలు, బారెడు పొడుగు వంశవృక్షం.

"పద్నాలుగు తరాలు, భాయ్," అంది జాబితా రాస్తున్న నిగార్. "కొడుకులు లేకుంటే బయటోణ్ణి దత్తత తెచ్చుకునేటోళ్లంట. వచ్చినోడు సొంత ఇంటిపేరు మర్చిపోవాలె. ఆఖరాయనకు ఆ దత్తుడు గూడ దొరకలే."

"నేను వెళ్ళనా? కవచం సరిపోతుందేమో."

"నీ పొట్ట పట్టదులే!" నవ్వుకుంటూ ఆమె టీకి వెళ్ళింది.

మూడున్నరయింది. నాలుగున్నరకల్లా బుకిట్ పంజాంగ్‌లో బడి గేటు దగ్గర కూతురు కీర్తిక ఎదురుచూస్తుంటుంది. ఇవాళైనా ఆలస్యం చెయ్యనని దాని నెత్తిమీద చెయ్యేసి మరీ చెప్పాడు.

పలకల్ని చూస్తే జాలేసింది. పాపం, నీళ్ళు వదిలే దిక్కు లేని పెద్దలు! ముందున్న గిన్నెలో తన సీసాలోని నీళ్ళు పోశాడు. సెరంగూన్ రోడ్డు గుడిలో అర్చనకు నిలబడే అలవాటు కొద్దీ, గోత్రం, పేరు చెప్పి దణ్ణం పెట్టాడు.

ఆ చెప్పడమే చెప్పడం.

తడిసిన ఇనుము వాసన గుప్పున కొట్టింది. వెనక కిర్రుమని చప్పుడు... లైటు ఆరి, మళ్ళీ వెలిగింది. కవచం పట్టుతాళ్ళు వదులై వేలాడుతున్నాయి. లోపలున్నదేదో లేచి వెళ్ళినట్టు.

తలుపు దగ్గరికి పరుగెత్తి తాళం మీద బొటనవేలు ఆనించాడు. ఎర్రలైటు. మళ్ళీ పెట్టాడు. ఎరుపే. పొద్దున ఇదే వేలికి తెరుచుకుంది కదా... బాదాడు. అరిచాడు. ఎవరూ రాలేదు.

వంశవృక్షంలో ఆఖరి పేరు కింద ఇందాక ఖాళీగా ఉన్న చోట, చక్రధర్ అని కొత్త సిరా మెరుస్తోంది. ఇంకా ఆరలేదు...

ఫోన్ తీశాడు. నాలుగూ నలభై! ఎప్పుడైంది అంత టైము? కూతురి ఫోన్‌కి కలిపాడు.

"కీర్తీ... నాన్నని రా," అన్నాడు.

"మా నాన్న వచ్చేశాడు లా. హూ ఈజ్ దిస్, అంకుల్?" ఆ ఊరి బడిపిల్లల యాసలో అడిగింది పాప.

"తల్లీ... వాడితో వెళ్ళకు..."

ఫోన్ ఇంకా కట్ కాలేదు. బస్సుల రొద మధ్య పాప గొంతు దూరమవుతూ వినిపించింది.

"నాన్నా, నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?"