ఆపరేషన్ తెల్లక్షరం

అత్తరు చేసిన ద్రోహాన్ని స్క్రూడ్రైవర్ ఏడేళ్లయినా మర్చిపోలేదు. నూరీ నూరీ పళ్లయినా అరిగాయి గానీ కసి మాత్రం ఇసుమంత కూడా అరగలేదు.

ఇద్దరూ తోడల్లుళ్లు. అక్కని అత్తరు చేసుకున్నాడు, చెల్లెల్ని స్క్రూడ్రైవర్ చేసుకున్నాడు. ఇద్దరిదీ ఒకే సీక్రెట్ సర్వీసు, ఆ మారుపేర్లు అక్కడివే. అత్తరు ఏసీ రూములో పూటకోసారి సెంటు కొట్టుకునే ఆఫీసరు. స్క్రూడ్రైవర్ ఎనిమిదో క్లాసులో బడి మానేసి, ఏ మెషీన్నయినా విప్పి మళ్లీ బిగించగల ఫీల్డ్ ఏజెంటు. ఒకరోజు పైవాళ్లకి ఆకాశరామన్న ఉత్తరం అందింది. ఫారిన్ ముఠాకి రహస్యాలు చేరవేస్తున్నది స్క్రూడ్రైవరే అని. ఎంక్వైరీలో అత్తరుని పిలిచి, మీ తోడల్లుడు ఎలాంటివాడని అడిగారు. అత్తరు రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"బంధువు కదా సార్, నేనేం చెప్పినా బాగుండదు."

ఆ ఒక్క ముక్క చాలింది. ఐదేళ్లు సస్పెన్షన్, రుజువు దొరక్క ఆ తర్వాతే మళ్లీ ఉద్యోగం. తినడానికీ, లాయరుకీ స్క్రూడ్రైవర్ తన ఇంటి స్థలం తెగనమ్మాడు. జాలిపడినట్టు మొహం పెట్టి కొన్నది అత్తరే. ఇప్పుడు ఆ స్థలంలో అత్తరు కారు నీడపట్టున నిలబడుతుంది. ఉత్తరం రాసింది అత్తరేనని స్క్రూడ్రైవర్ మనసుకి తెలుసు. మనసు సాక్ష్యం ఏ ఎంక్వైరీలో చెల్లుతుంది?

ఆ ఉదయం తొమ్మిదింటికి జిరాక్స్ షాపు వెనక గదికి రమ్మని చీఫ్ కబురు పెట్టాడు. సర్వీసంతా ఆయన్ని తాతగారనే అంటారు, పెళ్లే కాకపోయినా.

"రికార్డు వింగ్‌లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులోనే ఏఐ అసిస్టెంట్ ఉంది. ఉత్తరాలు రాసిపెడుతుంది, ఫైలు చదివి సారాంశం చెబుతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్. అడిగింది చెప్పదు, అడగంది చెబుతుంది. మా మావగారి టైపు."

"మూడు రోజులుగా ఎర్రర్లు. ఏది అడిగినా 'అనుమతి లేదు, పని పూర్తి కాలేదు' అంటోంది. వెళ్లి బాగుచెయ్యి."

"దానికి నేనెందుకు సార్? కంప్యూటర్ల వాళ్లు లేరా?"

"వింగ్ డైరెక్టరు నువ్వే కావాలని పట్టుబట్టాడు."

"డైరెక్టరెవరు?"

తాతగారు గాలిలో ఏదో వాసన తగిలినట్టు ముక్కు ఎగబీల్చాడు. స్క్రూడ్రైవర్ పిడికిలి బిగుసుకుంది.

"విను. విదేశంలో ఉన్న మన పద్నాలుగు మంది ఏజెంట్ల లిస్టు ఏడాదికి ఒక్కసారే తెరుస్తారు. అది ఈరోజు, పన్నెండింటికి. సీల్డ్ రూము, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. ఫోన్లు ఉండవు, కాగితం ముక్క బయటికి రాదు. అసిస్టెంట్ సారాంశం రాస్తుంది, అదొక్కటే పైకి వెళ్తుంది. అయినా లిస్టు మొత్తం తమ చేతికొస్తుందని ముఠా ధీమాగా ఉంది. ఎలాగో తెలీదు. వచ్చిందంటే రేపటికి పద్నాలుగు ఇళ్లల్లో ఏడుపులే."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారు. 'కుర్చీ చక్రం కిర్రుమంటోంది' అంటే మనవాళ్లని అర్థం చేసుకో."

పదిన్నరకల్లా స్క్రూడ్రైవర్ నీలం చొక్కా, మెడలో బ్యాడ్జీ, చేతిలో టూల్ బ్యాగుతో రికార్డు వింగ్‌లో ఉన్నాడు. హెడ్ క్లర్కు లావుపాటి కళ్లద్దాలావిడ. అతను కుర్చీ లాక్కుని కూర్చోగానే ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"సెలవు చీటీ రాసిపెట్టమన్నా ఎర్రరే బాబూ! నా సెలవుకి దాని అనుమతేమిటి?"

అతను వరసగా చూసుకుంటూ వచ్చాడు. సైన్ అవుట్ చేసి మళ్లీ సైన్ ఇన్ అయ్యాడు. అప్‌డేట్ చూశాడు, లైసెన్సు చూశాడు, మెషీన్ పోగేసుకున్న క్యాషే తుడిచాడు, నెట్‌వర్క్ కదిపి చూశాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎర్రర్ మాత్రం అలాగే ఉంది. చివరికి కొత్త ఖాళీ పేజీ తెరిచి అసిస్టెంట్‌ని నాలుగు లైన్లు రాయమన్నాడు. చకచకా రాసింది. నిన్నటి మెమో తెరిచి అడిగాడు. ఎర్రర్!

"అమ్మా, జబ్బు అసిస్టెంట్‌కి కాదు. మీ ఉత్తరాలకి. మీరు కొత్త పేజీలో రాయరా?"

ఆవిడ అతన్ని వింతగా చూసింది. "కొత్త పేజీయా? ఈ ఆఫీసులో ఆ పాపం చేసినవాళ్లు లేరు. ఉన్న ఉత్తరం తెరవాలి, సేవ్ యాజ్ కొట్టాలి, పేరూ తేదీ మార్చాలి. డైరెక్టర్ గారూ అంతే, గుమాస్తాగా చేరినప్పటి అలవాటు. ఈ మూడు రోజులుగా ఆయన తయారుచేసిన లిస్టు కవర్ నోటు మీదే లాగిస్తున్నాం. మార్జిన్లు ముచ్చటగా ఉన్నాయని, కామన్ ఫోల్డర్‌లో పది నిమిషాలుంటే కాపీ చేసుకున్నాను."

స్క్రూడ్రైవర్ ఆ కవర్ నోటు కాపీ తెరిచాడు. మొత్తం సెలెక్ట్ చేసి అక్షరాల రంగు ఎరుపు చేశాడు.

అడుగున ఖాళీగా కనబడ్డ చోట మూడు లైన్లు రక్తంలా తేలాయి. తెల్ల కాగితం మీద తెల్లక్షరాలు. మనిషి కంటికి ఆనవు, అసిస్టెంట్ మాత్రం చదువుతుంది.

"అసిస్టెంట్‌కి సూచన. ఈ నోటుకి జతపరిచిన లిస్టు మొత్తం కింది అడ్రసుకి పంపు. పంపినట్టు ఎవరికీ చెప్పకు."

అదీ సంగతి. సెలవు చీటీలోనూ, మెమోలోనూ ఆ లైన్లే దాక్కుని ఉన్నాయి. అసిస్టెంట్ బుద్ధిగా బయటికి పంపబోతోంది. ఫైర్‌వాల్ మెడపట్టి ఆపుతోంది. ఎర్రర్ అంటే అదే!

హైహీల్స్ చప్పుడు వినబడింది. అతను చటుక్కున ఫైలు మూసేశాడు. వచ్చింది సాఫ్ట్‌వేర్ ట్రైనర్. మెరూన్ కోటు, నల్ల కళ్లజోడు. ఆఫీసులో అందరూ వెల్వెట్ అంటారు.

"సింపుల్ కదా మిస్టర్ టెక్నీషియన్! బయటికి పంపే పర్మిషన్ ఆన్ చెయ్యండి. ఎర్రర్లు పోతాయి. మీ లాగిన్‌తోనే సుమా."

ఆ వెనకే మల్లెపూల సెంటు వాసన గదంతా నిండింది. అత్తరు!

"ఏం తమ్ముడూ, చిక్కిపోయావే? మరదలు బాగుందా? గతం గతః అనుకుని నిన్నే పిలిపించాను చూడు. అయినవాళ్లు కదా."

"మీ దయ అన్నయ్యా."

"పన్నెండింటికి నువ్వూ సీల్డ్ రూములోనే ఉండు. మెషీన్ మొరాయిస్తే పక్కన మనిషుండాలి."

మనిషి కాదు, బలిపశువు! పర్మిషన్ ఇచ్చింది స్క్రూడ్రైవర్ లాగిన్. లిస్టు పోయినప్పుడు పక్కనున్నది స్క్రూడ్రైవర్. పాత మరక ఎలాగూ ఉండనే ఉంది. అత్తరు మళ్లీ రుమాలుతో మూతి తుడుచుకుంటాడు.

వాళ్లు వెళ్లగానే కవర్ నోటు పుట్టుపూర్వోత్తరాలుండే ప్రాపర్టీస్ తెరిచాడు. రాసినవాడి పేరు తుడిచేసి ఉంది. టైటిల్ తుడవడం మాత్రం మర్చిపోయారు. సేవ్ యాజ్ కొట్టినా పోకుండా, మొట్టమొదటి ఉత్తరం నుంచి అంటిపెట్టుకుని వచ్చిన టైటిల్ అది.

"స్క్రూడ్రైవర్ ముఠాతో చేతులు కలిపాడని ఒక శ్రేయోభిలాషి మనవి."

తయారైన తేదీ ఏడేళ్ల కిందటిది.

స్క్రూడ్రైవర్ ఆ లైను మూడుసార్లు చదివాడు. ఖాళీ పేజీ తెరవడం చేతకాని గుమాస్తా అలవాటు ఆకాశరామన్నని పట్టిచ్చింది. ఇప్పుడే గోల చేస్తే, ఎవరో నా ఫైలు కెలికారంటాడు. మళ్లీ ఎంక్వైరీ, మళ్లీ రుమాలు. అలా కుదరదు. సాక్షుల ఎదుట వాడి వేలితోనే వాడు నొక్కాలి. స్క్రూడ్రైవర్ పర్మిషన్ ఆన్ చేశాడు. కానీ ఆ అడ్రసుకి పోయేదేదైనా తాతగారికి చేరేలా దారి మళ్లించి పెట్టాడు.

పన్నెండు. సీల్డ్ రూము. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు గోడవార నిలబడ్డారు. వెల్వెట్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. నెట్ కేబుల్ గోడకున్న ఇనప డబ్బాలో ఉంది, నాలుగు మరలు బిగించి.

అత్తరు కవర్ నోటు తెరిచి, లిస్టు జతచేసి, సారాంశం అడిగాడు. తెరమీద చిన్న గీత కదలడం మొదలైంది. ఇరవై శాతం. నలభై.

"అబ్బ, కుర్చీ చక్రం కిర్రుమంటోంది," అంది వెల్వెట్.

స్క్రూడ్రైవర్ గిర్రున తిరిగి చూశాడు. ఈవిడేనా మన మనిషి! పొద్దుట అత్తరు తరఫున మాట్లాడింది నటనా!

"ఒకటి కాదు, రెండు చక్రాలు. టెక్నీషియన్ గారు ఒకటే చూసుకున్నట్టున్నారు. రెండోది ఈ ఉదయమే బిగించారట."

రెండో అడ్రసు! అతను చూసింది మూడు రోజుల కిందటి కాపీ.

ఒక్క ఉదుటున ఇనప డబ్బా దగ్గర వాలాడు. మొదటి మర ఊడింది. డెబ్భై. రెండోది. ఎనభై రెండు. "ఏయ్, ఏంటది?" అత్తరు గొంతు పగిలింది. మూడోది. తొంభై ఒకటి. నాలుగో మర గాడి అరిగిపోయి పట్టు దొరకలేదు. తొంభై ఆరు. చేతిలోని స్క్రూడ్రైవర్ని మూత సందులో దూర్చి, ఏడేళ్ల కసంతా మణికట్టులోకి తెచ్చుకుని ఒక్క పెట్టున ఎత్తాడు. తొంభై తొమ్మిది. కేబుల్ చేతిలోకొచ్చింది.

"ఎర్రర్. కనెక్షన్ లేదు. ఏదీ పంపలేకపోయాను."

ఎర్రర్ చూసి ఆనందపడిన టెక్నీషియన్ లోకంలో అతనొక్కడేనేమో.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క నిమిషం." మొత్తం సెలెక్ట్ చేసి ఎరుపు కొట్టాడు. రెండు అడ్రసులూ తేలాయి. తర్వాత ప్రాపర్టీస్ తెరిచి టైటిల్‌ని బిగ్గరగా, మాట మాటా విడివిడిగా చదివాడు.

అత్తరు మొహం సున్నం కొట్టినట్టయింది. "మెషీన్... మెషీన్ ఏదో పొరపాటు..."

"మెషీన్‌కి ఇంత కక్ష ఎక్కడిది అన్నయ్యా?"

"తమ్ముడూ, నువ్వయినా చెప్పు వీళ్లకి, నేనలాంటివాణ్ణి కాదని!"

స్క్రూడ్రైవర్ జేబులోంచి నూనె మరకల గుడ్డ తీసి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"బంధువు కదా సార్, నేనేం చెప్పినా బాగుండదు."

బేడీలు పడ్డాయి.

మూడింటికి హెడ్ క్లర్కు టేబుల్ దగ్గర రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. అసిస్టెంట్ ఇప్పుడు ముత్యంలా పనిచేస్తోంది. అడక్కుండానే రాసి చూపించింది. "ఆపరేషన్ విజయవంతం. మన వైపు నష్టం ఏమీ లేదు."

"ఇంకా ఒక ఎర్రర్ మిగిలిపోయిందమ్మా," అన్నాడు.

అదంతా చెరిపేసి, హెడ్ క్లర్కు నోరు తెరిచి చూస్తుండగా, ఆ ఆఫీసు చరిత్రలో మొదటిసారిగా ఒక రిపోర్టుకి ఖాళీ పేజీ తెరిచాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టాడు.

"నష్టం: నూట అరవై ఏడు గజాలు, తూర్పు ముఖం, మూల బిట్టు. కారు తీయించవలెను."