కళ్లగంతల విందు

"గ్లాసు ఇచ్చేటప్పుడు మీ చిటికెన వేలు నొక్కుతా. నొక్కిన గ్లాసు మాది. గదే మంచిగున్నదని చెప్పాలె. సమజైందా సారూ?"

పెరట్లో బట్టల తీగ వెనక నిలబడి రెబెక్క గుసగుసలాడింది. గుసగుస అని ఆమె అనుకుంది గానీ, ఆ దెబ్బకు గంప కింద కోడి కూడా ఉలిక్కిపడింది.

త్రినాథరావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "అది మోసం కాదాండీ?"

"ఔ, మోసమే. రేపు పొద్దుగాల బస్సెక్కి మీ ఊరికి పోతనంటున్నరు గద, అదేందో చెప్పుండ్రి మరి!"

పాపం, అతని చెయ్యి జేబు మీదికి పోయింది. చొక్కా జేబులో తండ్రి వెంకటేశ్వరరావు రాసిన ఉత్తరం ఉంది. ఉద్యోగం పోతే పోయింది, తల మిగిలితే అదే పదివేలు, సోమవారం బయలుదేరి వచ్చెయ్యమని.

ఆ పెద్దాయనను తప్పుపట్టడానికీ లేదు. అది 1969, తెలంగాణ ఉద్యమం రోజులు. ఊళ్లో రోజుకో బంద్, వారానికో కర్ఫ్యూ. "ఇచ్చిన మాట తప్పిండ్రు, మా కొలువులు మాకే కావాలె" అంటూ కుర్రకారంతా రోడ్డు మీదే ఉంది. త్రినాథరావేమో భీమవరం వైపు నుంచి వచ్చి మలక్‌పేటలో సర్కారు గుమాస్తాగా పనిచేస్తున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో, రెబెక్క వాళ్ల పక్కనే, కిష్టమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాడు గానీ, పక్కింటివాళ్లతో ఇంకా పరిచయం లేదు. ఫిబ్రవరిలో ఓ రోజు అతను ఎక్కిన బస్సు మీద రాయి పడింది. అద్దం పగిలి నుదురు చిట్లింది. దవాఖానలో కట్టు కట్టిన నర్సు రెబెక్క.

"జర కదలకుండ్రి. ఏ ఊరు మీది?"

"చెబితే కట్టు విప్పేస్తారా?"

అక్కడ మొదలైంది. ఆ దెబ్బకు నాలుగుసార్లు కట్టు మారిస్తే సరిపోతుంది. అతను పదకొండుసార్లు వచ్చాడు. చివరి మూడుసార్లకీ నుదుటి మీద కట్టడానికి ఏమీ మిగల్లేదు, అయినా ఆమె కట్టింది.

ఇప్పుడు జూలై. రెబెక్క తండ్రి ఇస్సాకు ఇవాళ పెళ్లికి ఊ అంటే సరి. అనకపోతే రేపు బస్సు. ఆ బస్సు ఒక్కసారి విజయవాడ దాటిందంటే, అక్కడి పెద్దలు అతన్ని మళ్లీ ఇటు కదలనివ్వరని ఇద్దరికీ తెలుసు.

ఇస్సాకు చేత ఊ అనిపించడమంటే మాటలా! ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చోట అప్పట్లో ఎటు చూసినా ద్రాక్షపందిళ్లే. అక్కడొక తోటకు ఆయన మేస్త్రి. ఏప్రిల్ కోతలో రాలిన పండు ఇంటికి తెచ్చి, పిండి, జాడీలో పోసి, మూతకు గుడ్డ కట్టి చీకటి కొట్లో పెడతారు. వాళ్ల క్రైస్తవ సంఘంలో ఇంకో రెండు ఇళ్లవాళ్లు కూడా అలాగే పెడతారు. ఏడాది పొడుగునా గుడిలో ప్రభు భోజనానికి వాడే ద్రాక్షారసం ఆ మూడిళ్లలో ఒకరిది.

ఎవరిదో ఎంచడానికి ఒక పద్ధతుంది. వానాకాలం మొదట్లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, మూడిళ్లవాళ్లూ తలో కూర వండుకొచ్చి ఒక్కచోట కూర్చుంటారు. జాడీల మూతలు అక్కడే, అందరి ముందే విప్పాలి. అంతకుముందు చేసినవాళ్లు కూడా వేలు ముంచకూడదు. ఆ ముగ్గురికీ చుట్టం కాని మనిషికి కళ్లగంతలు కట్టి రుచి చూపిస్తారు.

అయిదేళ్లుగా ఇస్సాకు ఇంటిదే పైచెయ్యి. మొదటి రెండేళ్లు రెబెక్క తల్లి చేసింది. ఆమె పోయాక రెబెక్క చేస్తోంది. ఆ గెలిచిన పూట తప్ప ఇస్సాకు నవ్వగా చూసినవాళ్లు తక్కువ. ఆ నవ్వు ఆరకముందే త్రినాథరావు నోరు విప్పి పిల్లనడగాలని రెబెక్క ఎత్తు.

అదృష్టం కూడా కలిసొచ్చింది. ఏటా రుచి చూడ్డానికి సికింద్రాబాదు నుంచి వచ్చే పెద్దమనిషి కర్ఫ్యూ భయంతో ఈసారి రాలేదు. "చుట్టం కానోడు గీ గల్లీల ఇంకెవడున్నడు?" అని సంఘపెద్ద సుందరయ్య వెతికితే, పక్కింట్లో త్రినాథరావు కనిపించాడు.

ఆరింటికి మళ్లీ కర్ఫ్యూ. నాలుగున్నరకే అందరూ ఇస్సాకు వరండాలో చాపల మీద కూర్చున్నారు. పైన రేకుల మీద వాన. జొన్నరొట్టెలు, కోడికూర, సుందరయ్య ఇంటి నుంచి పెద్ద గిన్నెడు పచ్చిపులుసు.

"నాకు దీని సంగతేమీ తెలీదండీ. మా వైపు మద్యనిషేధం," అన్నాడు త్రినాథరావు.

"తెల్వకపోతేనే మంచిది సారూ. ఎవరి దిక్కూ మొగ్గరు," అన్నాడు సుందరయ్య.

గోడకు ఆనుకుని కూర్చున్న తీతు అప్పుడు నవ్వాడు. రెబెక్క తమ్ముడు. కాలేజీ కుర్రాడు. పొద్దున లేస్తే ఊరేగింపుల్లోనే ఉంటాడు. "మొగ్గకుంటనా? ఎవరింట్ల కూసుంటే వాళ్లది తీపంటరు వీళ్లు. ఎన్నడన్న ఒక్క మాట మీద నిలవడ్డరా?"

"తీతూ!" అంది రెబెక్క.

"ఏందక్కా? నీకెందుకు గంత కోపం?"

రెబెక్క తమ్ముడి మొహంలోకి చూసింది. వీడికి తెలిసిపోయిందా? తీతు మాత్రం ఆమె వైపు చూడటం లేదు. వచ్చినప్పటి నుంచీ వాడి కళ్లు తమ జాడీ మీదే ఉన్నాయి. ముందున్న రొట్టె ముక్క కూడా తుంచలేదు. ఆంధ్రావాడిని ఇంటికి పిలిచారని అలిగాడు కాబోలు అనుకుంది.

ఇస్సాకు చెల్లెలు ఎలీశమ్మ లేచి త్రినాథరావు కళ్లజోడు తీసి, తువ్వాల మడతపెట్టి కళ్లకు బిగించింది.

"ముక్కు గూడ కట్టేస్తున్నవ్ అత్తా!"

"నీ ముక్కా ఏంది పిల్లా, గంత పరేషాన్ అయితున్నవ్?"

అందరూ నవ్వారు. రెబెక్క మాత్రం గ్లాసులు మరోసారి తుడిచింది.

మొదటి గ్లాసు ఎలీశమ్మ ఇంటిది. త్రినాథరావు గుక్కెడు తాగి, ఆ రుచి పోవడానికి నోట్లో పుట్నాలు వేసుకుని నమిలాడు. ఎవరూ మాట్లాడకూడదని నియమం. ఎలీశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ ఆపుకుంది.

రెండోది రెబెక్కది. ఇస్సాకు తన చేత్తో మూత విప్పి ముంచి ఇచ్చాడు. గ్లాసు అందుకుంటుంటే కాస్త పుల్లటి వాసన తగిలింది. పక్కనే పచ్చిపులుసు గిన్నె ఉంది కదా, దానిదే అనుకుంది. నాలుగడుగులు వేసి, అతని చేతికి గ్లాసు అందిస్తూ చిటికెన వేలు నొక్కింది. చాలదేమోనని ఇంకోసారి గట్టిగా నొక్కింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

తాగాడు. ఆగాడు. మళ్లీ ఇంకో గుక్క తాగాడు.

చెప్పు, చెప్పెయ్, మంచిగున్నదను, అని ఆమె మనసులోనే బతిమాలుకుంది. అతను గ్లాసు కింద పెట్టి, పుట్నాలు కాస్త ఎక్కువే నోట్లో వేసుకున్నాడు. మూడోది, సుందరయ్య ఇంటిది, తాగి మూతి తుడుచుకున్నాడు.

"మూడోదండీ," అన్నాడు. "మొదటిది బాగుంది గానీ తీపి కాస్త ఎక్కువైంది. మూడోది అన్నిటికన్నా బాగుంది."

సుందరయ్య ఇస్సాకు వైపు చూశాడు.

"రెండోది?" అన్నాడు ఇస్సాకు.

త్రినాథరావు తలొంచుకున్నాడు. "రెండోది పులిసిపోయిందండీ. గుడికి పనికిరాదు. క్షమించండి."

ఇస్సాకు గ్లాసు లాక్కుని తాగి చూశాడు. మొహం నల్లబడింది. గ్లాసులో మిగిలింది పెరట్లోకి ఒంపేశాడు.

"ఏం చేసినవ్ బిడ్డా? మీ అమ్మ చేతిది గిట్ల అయ్యిందా?"

రెబెక్కకు ముందు సిగ్గు, తర్వాత కోపం. ఒక్క మాట! ఒక్క అబద్ధం ఆడితే ఈయన సొమ్మేం పోయింది? అంటే బస్సెక్కడమే ఇష్టమన్నమాట. గబగబా వచ్చి అతని కళ్లగంతలు ఒక్క లాగు లాగింది.

"పోండ్రి ఇగ. పెట్టె సర్దుకోండ్రి," అంది పళ్ల బిగువున.

కళ్లజోడు లేని కళ్లతో అతను ఆమె వైపు చూశాడు. చెప్పులు వెతుక్కుంటూ లేచాడు.

"ఆగు," అన్నాడు తీతు.

వాడు లేచి నిలబడ్డాడు. "నాయనా, అక్కను ఏమనకు. జాడీ ఖరాబ్ చేసింది నేను."

"నువ్వా?"

"పోయిన నెల పోలీసులు గల్లీలకు ఒచ్చినప్పుడు కొట్లకు ఉరికిన. జాడీ ఎనక కూసున్న. మోకాలు తాకి మూత ఊడింది. పొద్దు మునిగేదాక నేను కదల్లె. ఈగలు ముసిరినై. తర్వాత గుడ్డ మళ్ల గట్టిన."

"మరి చెప్పకపోతివేందిరా?"

"చెప్తే బయటికి పోనియ్యవని." తీతు త్రినాథరావు వైపు తిరిగాడు. "గిది పులిసి ఉంటదని నాకు తెలుసు. గీయన మంచిగున్నదంటడు, లేసి నలుగుర్ల ఇజ్జత్ తీద్దామని కూసున్న. చూసిండ్రా, వీళ్లు గింతే అందామనుకున్న. ఆయన నిజం చెప్పిండు. నెల సంది నోరు మూసుకున్నది నేనే."

రెబెక్కకు అప్పుడు తన కాళ్ల కింద చాప ముళ్లలా గుచ్చుకుంది. తమ్ముడు అంత ధైర్యం చేశాక తాను దాక్కోవడమేమిటి?

"నాయనా, నేను గూడ ఒకటి చెప్పాలె."

"ఇంకేముందే!" అంది ఎలీశమ్మ.

"గ్లాసు ఇస్తూ ఆయన వేలు నొక్కిన. గదే మనదని, గదే మంచిగున్నదని చెప్పమని నేనే చెప్పిన. ఎందుకంటే..." చేతిలోని కళ్లగంతలు మెలిపెట్టింది. అయినా ఆపలేదు. "ఎందుకంటే నువ్వు ఖుషీగ ఉన్నప్పుడు నన్నియ్యమని నిన్ను అడగమన్న. నాకు ఈయనే కావాలె నాయనా. రేపు బస్సెక్కితే మళ్ల రాడు."

"అయ్యో ప్రభువా!" అని ఎలీశమ్మ చాప మీద చతికిలపడింది.

ఇస్సాకు కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత త్రినాథరావు వైపు తిరిగాడు. "అది మాదని నీకు ఎరికేనా?"

"ఎరికేనండీ," అన్నాడు త్రినాథరావు. కంగారులో వాళ్ల మాటే వచ్చేసింది.

"పిల్ల కావాలంటున్నవ్. మరి మంచిగున్నదంటే నీ సొమ్మేం బోయింది?"

"కావాలండీ. చాలా కావాలి. కానీ నేను బాగుందన్న మరుక్షణం మీరు తాగి చూస్తారు కదండీ. ఆ తర్వాత నేను మీ అమ్మాయిని బాగా చూసుకుంటానంటే మీరెలా నమ్ముతారు? మావాళ్లు మాట తప్పారని ఊరంతా అంటోంది. నేను మొదటి మాటే అబద్ధం చెప్పి ఈ ఇంట్లోకి ఎలా వస్తానండీ?"

రెబెక్క తలెత్తి అతని వైపు చూసింది. ఈ పిచ్చిమారాజు మీదనా తాను ఇందాక అంత కోపం తెచ్చుకుంది!

"మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. మీ నాయన ఏమంటడు?" అన్నాడు ఇస్సాకు.

"కోప్పడతారండీ. మా అమ్మ శేషారత్నం అన్నం మానేస్తుంది. నెల పడుతుందో, ఏడాది పడుతుందో తెలీదు. ఒప్పించే మీ దగ్గరికి తీసుకొస్తాను. రేపు మాత్రం బస్సెక్కను. ఇక్కడే ఉంటాను."

"రాళ్లు పడ్తున్నయ్."

"పడనివ్వండి."

ఇస్సాకు తువ్వాలతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. వాన తగ్గుముఖం పట్టింది. దూరంగా పోలీసు జీపు మైకులో కర్ఫ్యూ సంగతి చెబుతూ వెళ్లింది.

"సుందరయ్యా, ఈ యేడు నీ జాడీ గుడికి పంపియ్. పులిసిందాన్ని మావోడు వడగట్టి మామిడికాయ తొక్కుల కలుపుతడు, అదే వాని శిక్ష." ఆయన లేచి నిలబడ్డాడు. "నువ్వు నిజం మీద నిలవడ్డవ్. పిల్లనిస్తనన్న మాట మీద నేను గూడ నిలవడ్త. మీ నాయనను ఒప్పించి తోల్కరా. అప్పటిదాక రోజూ ఒచ్చి ఇక్కడనే బువ్వ తిను, కిష్టమ్మ పెట్టే పులుసు తిని సగమైనవ్."

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఎలీశమ్మ తన కూరే ముందు వడ్డించాలంది. త్రినాథరావు కళ్లజోడు కోసం చాప మీద చేతులతో తడుముతుంటే, తీతు దాన్ని తీసి, తన చొక్కాకు తుడిచి, అతని చేతిలో పెట్టాడు.

"జై తెలంగాణ అనుడు మాత్రం నేను ఇడిసిపెట్ట. ముందుగాలనే చెప్తున్న," అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఇగ తిందాం పా, బావా" అన్నాడు.

రెబెక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుని, ఇద్దరి విస్తళ్లలోనూ రొట్టెలు వేసింది.