నట్టు మీద ఎర్ర చుక్క

ఆదివారం ఆరాధన ముగిశాక, ఓర్వకల్లు రాళ్ళగుట్టల కింద ఖాళీ జాగాలో హెన్రీ తన కొత్త బండిని స్టార్ట్ చేశాడు. కొత్తదంటే అతనికి కొత్త. మూరెడు పొడుగు రిమోట్ ట్రక్కు, నైట్రో ఇంధనంతో నడిచే ఇంజను, నీలిపొగ, చెవులు గింగురుమనే మోత. ట్రిగ్గర్ నొక్కాడు. బండి ఎగిరి వెల్లకిలా పడింది. నిలబెట్టి మళ్ళీ నొక్కాడు. ఈసారి కటకటమని పళ్ళు కొరికిన చప్పుడు. ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు కదలడం లేదు.

"ఆపప్పా. చంపేస్తాండావు దాన్ని."

స్కూటీ దిగి వస్తున్న అమ్మాయిని అతనెప్పుడూ చూడలేదు. సోలార్ ప్లాంటు యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, దాని మీద నిస్సీ అని పేరు. కళ్ళల్లో మాత్రం నిప్పులు.

"మీదేమన్నా పోయిందా?" అన్నాడు హెన్రీ.

"పోయింది. ఆ బండి నాది."

"ఎట్లా? కోత పండగ వేలంలో నేను పాడుకుంటి. సంఘమంతా చూసింది."

ఆ మాటతో పిల్ల చల్లబడింది. రాయి మీద కూలబడి సంగతంతా చెప్పింది. వాళ్ళ నాన్న ఏసన్న కువైట్‌లో లారీ తోలేవాడు. కూతురికి గొలుసు తెమ్మని భార్య చెప్పి పంపితే, ఆ మహానుభావుడు ఈ బండి తెచ్చాడు. తండ్రీకూతుళ్ళు ఇదే గుట్టల కింద ఆడుకున్నారు. ఆయన చనిపోయాక ఆ మోత వింటే తల్లి విశ్వాసమ్మకు ముద్ద దిగేది కాదు. కోత పండగనాడు అందరూ గుమ్మడికాయలూ, కోళ్ళూ, జొన్నకంకులూ గుడిలో వేలానికి కానుకగా తెస్తే, నిస్సీ డ్యూటీలో ఉన్న వేళ చూసి విశ్వాసమ్మ ఈ బండిని తెచ్చిపెట్టింది. పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటుగా ఆత్మకూరు నుంచి అప్పుడే వచ్చిన హెన్రీ, కోడిపుంజు పాడుకుందామని వెళ్ళి బండితో బయటపడ్డాడు.

"నాకేం తెలుసు? తీసుకోండి అయితే," అంటూ బండిని ముందుకు జరిపాడు.

"దేవునికిచ్చింది వెనక్కి తీసుకోగూడదు. మా అమ్మ ఊరుకోదు, నాకూ మనసొప్పదు." ఆమె బండి పైకప్పు తీసి చూసింది. "కానీ రిపేరు చేసేదానికి అడ్డం లేదు. ఈ నట్టు ఇంత బిగించిందెవరు?"

"నేనే. వదులుగా ఉండాదని."

"వదులుగానే ఉండల్ల. దీన్ని స్లిప్పర్ క్లచ్ అంటారు. ఇంజను జోరంతా ఒక్కసారిగా పళ్ళచక్రం మీద పడకుండా కొంచెం జారనిచ్చి, అప్పుడు పట్టుకుంటాది. నువ్వు బిగిస్తే పళ్ళు రాలిపోయినాయి."

"మేకయితే సూదేసేవాణ్ణి. దీనికి యాడ పొడవల్లో తెలీక..."

నిస్సీ నవ్వేసింది. అంతే, హెన్రీ పని అయిపోయింది.

మరుసటి ఆదివారానికి కొరియర్‌లో కొత్త పళ్ళచక్రం వచ్చింది. నిస్సీ దాన్ని వేసి, స్ప్రింగు అణిగేదాకా నట్టు బిగించి, మళ్ళీ కొంచెం కొంచెంగా వెనక్కి వదిలింది.

"వెనక చక్రాలు గట్టిగా పట్టుకో. ఇప్పుడు పళ్ళచక్రాన్ని బొటనవేలితో నెట్టు. ముందు మొండికేయల్ల, తర్వాత జారల్ల."

అతని వేలు సరైన చోట లేదని ఆమే పట్టుకొని పెట్టింది. మొండికేసిందో జారిందో హెన్రీకి నిజంగా తెలియలేదు. ట్రిగ్గర్ నొక్కితే బండి జుయ్‌మని రెండడుగులు జారి, నేలను పట్టుకొని, దుమ్ము లేపుతూ పరుగు తీసింది. నిస్సీ హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ తీసి, నట్టూ ఇరుసూ కలిసేచోట ఒక చుక్క పెట్టింది.

"ప్లాంటులో ప్రతి బోల్టుకూ ఇట్లే గుర్తు పెడతాం. కదిలితే తెలిసిపోతాది."

బండి బాగైపోయింది. అదే వచ్చిన చిక్కు. బాగైన బండిని చూడ్డానికి మెకానిక్ ఎందుకొస్తుంది? శనివారం సాయంత్రం హెన్రీ స్పానర్ పట్టుకున్నాడు. నట్టును సరిగ్గా ఒక చుట్టు బిగించాడు, నట్టు మీది సగం చుక్క ఇరుసు మీది సగానికి మళ్ళీ వచ్చి కూర్చుంది. ప్రేమలో పడ్డవాడి తెలివి అంతవరకే ఉంటుంది లెండి. ఆదివారం పళ్ళు రాలాయి, నిస్సీ వచ్చింది. రెండు వారాలకు మళ్ళీ రాలాయి, మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా పాత చుక్క తుడిచి కొత్తది పెట్టేది. వానలో ఇద్దరూ బండరాయి కింద నక్కి ఒకే పొట్లంలోని మిరపకాయ బజ్జీలు తిన్నారు కూడా.

ఒక ఆదివారం ఆమె నట్టును ఎండకు తిప్పి చూసింది. ఎర్ర చుక్క మధ్యలో వెంట్రుకంత పగులు.

"ఎవరు తిప్పినారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ ఆ కళ్ళ ముందు బయటికి రాలేదు. "నేనే. ప్రతిసారీ. నువ్వొస్తావని."

"చూడల్లని ఉండాదని ఫోన్ చేసింటే రాకపోదునా?"

"ధైర్యం చాల్లేదు."

"ఇది మా నాయిన చేతిలో తిరిగిన బండి, హెన్రీ. నన్ను చూసేదానికి దీని పళ్ళు రాలగొడతాంటివా?" బండి పైకప్పు మూసేసింది. "మాటొక్కటి చెప్పేదానికి ఇంత పని చేసినావే."

స్కూటీ వెళ్ళిపోయింది. ఫోన్ తీయలేదు. గుడిలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క చూపైనా ఇటు రాలేదు. హెన్రీకి మేకల అరుపు కూడా తనను తిట్టినట్టే వినిపించింది. బండి పాడుచేస్తే పోయేది పళ్ళచక్రం మాత్రమే అనుకున్నాడు పిచ్చివాడు. ఇప్పుడు పోతున్నది మనిషి.

అతనిక ఎవరినీ పిలవలేదు. పళ్ళచక్రం తెప్పించుకొని తానే వేశాడు. బిగించాడు, వదిలాడు, బొటనవేలితో నెట్టాడు. వేలు కాయకట్టేదాకా నెట్టాడు. చివరికి ఒకనాడు జుయ్‌మనే ఆ రెండడుగుల జారుడు వినపడింది. అప్పుడు తోచింది, ఈ బండి నిస్సీ ఇంటికి తిరిగిపోవడానికి ఒక్కటే దారి ఉందని, అది మళ్ళీ వేలమేనని.

మళ్ళీ కోత పండగ వచ్చింది. గుమ్మడికాయల పక్కన హెన్రీ తన కానుక పెట్టాడు. నిస్సీ చూసింది. ఆమె పక్కన విశ్వాసమ్మ కూడా చూసింది.

వేలం పాడించే సంఘపెద్ద సుందరం బండిని తిప్పి చూశాడు. "నడుస్తాదా సార్ ఇది?"

హెన్రీ స్టార్ట్ చేశాడు. బండి జుయ్‌మని జారి, పట్టుకొని, గుడి చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చి నిలబడింది. నిస్సీ భయంగా తల్లి ముఖంలోకి చూసింది. విశ్వాసమ్మ లేచి నిలబడి ఉంది.

"నేను పాడతా," అంది.

ఆమె పాటకు పైన ఎవరూ పాడలేదు. సుందరం బండిని ఆమె చేతికిచ్చాడు. వేడి ఇంజను మీద చెంగు వేసి, విశ్వాసమ్మ నేరుగా హెన్రీ దగ్గరికి వచ్చింది.

"ఏసన్న చేతిలో ఇట్లే పలుకుతాండె. ఈ మోత వినకుంటే మరిచిపోతా అనుకుంటి నాయనా. వినకుంటే ఇంకా కష్టమైంది." కళ్ళు తుడుచుకుంది. "నా బిడ్డ ఆదివారమైతే యాడికి పోతాండెనో నాకు తెలీదనుకుంటిరా ఇద్దరూ? వచ్చే ఆదివారం ఇంటికి అన్నానికి రా. ఆత్మకూరు నుంచి మీ అమ్మానాయన్ని గూడా పిల్చుకోని రా."

బండిని కూతురి చేతిలో పెట్టి, అడక్కుండానే అవతలికి జరిగింది.

నిస్సీ గుడి మెట్ల మీద కూర్చొని బండి పైకప్పు తీసింది. బొటనవేలితో నెట్టింది. మొండికేసి, తర్వాత జారింది.

"ఎవరు నేర్పించినారు?"

"ఒకామె. ఇప్పుడు నాతో మాట్లాడదు."

"ఏమన్నా చెప్పల్లంటే ఆమెకే చెప్పు. నట్టుకు కాదు."

హెన్రీ ఆమె పక్కన కూర్చున్నాడు. "నువ్వంటే నాకు శానా ఇష్టం, నిస్సీ. బండి చెడినా చెడకపోయినా, రోజూ నిన్ను చూడల్ల."

నిస్సీ హ్యాండ్‌బ్యాగులోంచి నెయిల్ పాలిష్ తీసి నట్టు మీద ఎర్ర చుక్క పెట్టింది. తర్వాత అతని చెయ్యి లాక్కొని, కాయకట్టిన బొటనవేలి గోరు మీద ఇంకొకటి పెట్టింది.

"ఇంక నువ్వు కదిలినా నాకు తెలిసిపోతాది," అంది, ఆ చెయ్యి వదలకుండా.