రెండు తెరల మీద ఒకే సుడి

కంప్యూటర్ సెంటర్ చీఫ్‌ను కూలింగ్ ప్లాంట్‌లో గొంతు కోసి చంపేశారు. శవం చల్లబడకముందే ఏజెంట్‌కి పిలుపొచ్చింది.

"కొత్త జెట్ ఈ ఉదయమే ఎగురుతోంది," అన్నాడు బాస్. "శబ్దాన్ని మించిన వేగంలో తోక దగ్గర గాలి సుళ్లు తిరిగితే తోక ఊడే ప్రమాదం ఉంది. ఊడదంటోంది సిమ్యులేషన్. ఆ రిజల్ట్ నమ్మొద్దని ఫోన్లో చెబుతూనే చీఫ్ పోయాడు."

"ఫ్లైట్ ఆపేయండి."

"రుజువు కావాలంటున్నారు పైవాళ్లు. పైలట్ నీ తమ్ముడే. నువ్వూ వద్దంటావని చెప్పి చూశాను. అన్నయ్యకి కడుపుమంట అన్నాడు."

సెంటర్ పద్ధతి కూడా బాస్ వివరించాడు. ప్రతి లెక్కనూ రెండుసార్లు నడుపుతారు. రెండోసారి మొదట్లోనే గాలిని వెంట్రుకవాసి కదుపుతారు. సగటులు కలవాలి. ఆ కాస్త తేడాకే సుళ్లు మాత్రం చచ్చినా కలవవు.

ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ సర్వర్ హాల్లో అడుగుపెట్టాడు. ఫ్యాన్ల హోరు, ఎముకలు కొరికే చలి. శత్రు ముఠాలో చేరినట్టు నటిస్తున్న మన మనిషి అక్కడుంది, సిమ్యులేషన్ నడిపేది ఆమే. ఎర్ర కోటు, చూపు తిప్పుకోనివ్వని అందం.

"చలి ఎక్కువైందా మేడమ్?" కోడ్ వదిలాడు.

"గాలి మాత్రం వేడెక్కింది."

చీఫ్‌ది ముసలి భయమని కొట్టిపారేసి, ఆమె రెండు తెరలు వెలిగించింది. "రెండుసార్లూ నడిపాం. అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, చూసుకో."

చూశాడు. తోక వెనక సుళ్లు వంపు వంపూ ఒకటే. కవలలకైనా అంత పోలిక ఉండదు. చీఫ్‌కీ ఇదే కనిపించి ఉంటుంది.

"రెండోసారి నడపనే లేదు నువ్వు. మొదటిదీ దొంగదే. ఎవరికి అమ్ముడుపోయావు?"

"నీ తమ్ముడు గాల్లోకి లేచాక చెబుతాను."

ఆమె మెడలోని ఐడీ కార్డు అంచు బ్లేడై దూసుకొచ్చింది. ఏజెంట్ మోచెయ్యి చీరుకుపోయింది. అతని చేతిలోని రెంచి ఆమె మణికట్టు మీద పడింది. ఆమె కూలబడి కూడా నవ్వుతూనే ఉంది.

ప్రెషర్ గేజ్‌లో దాచిన రేడియోలో ఏజెంట్ బాస్‌కి రుజువు చెప్పాడు. టవర్ ఆగమంది. రన్‌వే మీద పరుగందుకున్న జెట్ ఆగలేదు. అన్నయ్య మాటకి బ్రేకెయ్యనన్నాడు పైలట్. బాస్ లైన్ కలిపాడు.

"అన్నగా కాదురా," అన్నాడు ఏజెంట్. "చీఫ్‌ని చంపిన మనిషి నా కాళ్ల దగ్గరుంది. నీ తోక లెక్క కట్టింది కూడా ఈవిడే."

రేడియోలో టైర్ల కీచుమోత. ముక్కు గడ్డిలోకి దిగాక జెట్ ఆగింది.

తర్వాతి వారం అసలు సిమ్యులేషన్ నడిచింది. తెర మీద తోక ఊడి ఎగిరిపోవడం తమ్ముడు చివరిదాకా చూశాడు.

"బ్రేకులు బాగున్నాయని రిపోర్ట్‌లో రాసుకో," అని అన్నతో అనేసి లేచిపోయాడు.