రాయికి పెట్టిన పేరు

జెరాయ్ కొండ కింద, ముళ్ళకంచె లోపల మొత్తం డెబ్బై ఇళ్ళు. పాపమ్మ ఇల్లు ఆఖరిది, కంచెని ఆనుకునే ఉండేది. దొరల మీద తిరగబడి అడవిలో దాక్కున్న వాళ్ళకి బియ్యం అందకూడదని, సముద్రం దాటొచ్చి రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలో ఉన్న జనాన్నంతా సోల్జర్లు లారీలెక్కించి తెచ్చి అక్కడ దింపారు. గేటు దగ్గర కాపలా. సాయంత్రం ఆరింటికి కర్ఫ్యూ. అయినా బతుకు ఆగదు కదా. పాపమ్మ కొడుకు పైడయ్య పాసు చూపించి కొండెక్కేవాడు, రోటాన్ కోసుకొచ్చేవాడు. రోటాన్ అంటే మన పేమే. దాన్ని నూనెలో ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టి, సెగ చూపించి వంచి దొరల బంగ్లాలకి కుర్చీలు అల్లేవాడు. ఆ ఇంట్లో అన్నం కూడా ఉడికిన పేము వాసనే వేసేదని పక్కింటి కామాచ్చి వేళాకోళం ఆడేది.

పాపమ్మకి ఏడాదిగా మతిమరుపు. పొయ్యి మీద పప్పు మాడిపోయేది. తెలిసిన మొహం ఎదురొస్తే పేరు నాలుక దాకా వచ్చి వెనక్కి పోయేది. అందుకని మరిచిపోకూడని ప్రతి పనికీ పమిట కొంగుకి ఒక ముడి వేసుకునేది. పని అయ్యాక ఆ ముడి విప్పేది.

ఆ రోజు కొంగుకి అయిదు ముళ్ళున్నాయి.

కోడలు రామలక్ష్మికి మూడో కాన్పు. మొదటి బిడ్డ ఏడో రోజున పోయాడు, రెండోది పదో రోజున. ఇద్దరూ ఉయ్యాల ఎక్కలేదు, ఇద్దరికీ పేరు లేదు. ఈ గుంటడికి పదకొండో రోజు వచ్చింది. ఈ సాయంత్రం వీడిని ఉయ్యాలలో వేసి చెవిలో పేరు చెప్పేస్తే వీడు మనవాడైపోతాడు. అంతవరకూ ఎవరివాడో చెప్పలేం. పాపమ్మ నమ్మకం అది.

ఉయ్యాలలో ముందు పడుకోవలసింది బిడ్డ కాదు, సన్నికల్లు మీద నూరే పొత్రం. దానికి పసుపునీళ్ళు పోయాలి, బిడ్డలా గుడ్డ చుట్టి ఉయ్యాలలో వెయ్యాలి, పేరు లేకుండా ఊపాలి, తీసెయ్యాలి. వచ్చే చెడంతా రాయితో పోతుంది. ఆ తరవాతే బిడ్డ, ఆ తరవాతే పేరు. నీళ్ళకొకటి, చుట్టి పడుకోబెట్టడానికొకటి, ఊపడానికొకటి, రాయి తీసి బిడ్డని వెయ్యడానికొకటి, పేరుకొకటి, అందుకే అయిదు ముళ్ళు.

కానీ ఇంటి పొత్రం లారీ ఎక్కేనాటి తొందరలో పాత ఇంట్లోనే ఉండిపోయింది. కామాచ్చి తనది ఇస్తానంది. పాపమ్మ ఒప్పుకోలేదు. అరువు రాయి మీద ఊగిన బిడ్డ అరువు బిడ్డే అవుతాడట. అందుకని పైడయ్య ఉయ్యాలకి పేముతో పాటు కొండ మీంచి ఒక రాయి కూడా తెచ్చాడు. నున్నగా, కోలగా, సరిగ్గా పసిబిడ్డంత రాయి. దాని నడుముకి సన్నటి పేము బద్ద చుట్టి ముడేసి ఉంది. అలాంటి ముడి తనకే తెలియదని పైడయ్య కాసేపు తిప్పి తిప్పి చూసి, కత్తితో కోసి పారేశాడు. ఎక్కడిదిరా అని పాపమ్మ అడగబోయింది. అడిగితే వద్దనాల్సి వస్తుందేమోనని నోరు మూసుకుంది.

నాలుగింటికే వాన పట్టింది. కొండ మీంచి మబ్బు దిగి ఇంట్లో దీపం పెట్టేంత చీకటి చేసింది. తడిసిన మట్టి వాసన, పచ్చి పేము వాసన, పసుపు వాసన. కొత్త ఉయ్యాల దూలానికి వేలాడుతోంది. రాయికి నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పడుకోబెట్టి ఊపారు. పాపమ్మ ఒక్కో ముడే విప్పుకుంటూ వచ్చింది. కామాచ్చి పైడయ్యని పిలవడానికి చూరు కిందకి వెళ్ళింది. రామలక్ష్మి చీకటి మూలకి తిరిగి బిడ్డకి పాలిస్తోంది.

పాపమ్మ కొంగు తడిమి చూసింది. ఒక్కటే ముడి. మిగతావన్నీ విప్పేసింది. అంటే రాయిని తీసేసినట్టే. బిడ్డని వేసినట్టే. ఇక పేరే మిగిలింది.

ఉయ్యాల మీదికి వంగింది. గుడ్డ అంచు తప్పించి, మెల్లగా మూడు సార్లు చెప్పింది.

"పైడిరాజు... పైడిరాజు... పైడిరాజు..."

వెనక మూలలోంచి రామలక్ష్మి గొంతు వినబడింది. చాలా నెమ్మదిగా.

"అత్తా... గుంటడు నా ఒళ్ళోనే ఉన్నాడు."

పాపమ్మ చేతిలో చివరి ముడి అలాగే ఉండిపోయింది. తడికి రెండు ముళ్ళు ఒకదానితో ఒకటి అంటుకుని ఒకేసారి విడిపోయాయని అప్పుడు తెలిసింది. రాయిని తీయనే లేదు.

ఉయ్యాల కిర్రుమంది. ఎవరూ ఊపలేదు.

మళ్ళీ కిర్రు...

గుడ్డలోంచి సన్నగా ఏడుపు మొదలైంది. ఆకలేసిన పసిబిడ్డ ఏడుపు. రామలక్ష్మి ఒళ్ళో బిడ్డ నోరు తెరిచి ఉంది. మొహం ఎర్రబడి, పిడికిళ్ళు బిగిసి, ఏడుస్తూనే ఉన్నాడు. వాడి నోట్లోంచి మాత్రం శబ్దం రావడం లేదు.

పైడయ్య లోపలికి పరిగెత్తుకొచ్చాడు. పాపమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆ రాయి ఎక్కడ తీసినావురా?"

వాడు ఉయ్యాల వైపు చూస్తూనే చెప్పాడు. పేము పొద పక్కన మూడు రాళ్ళు వరసగా ఉన్నాయట. అంత నున్నటి రాళ్ళు దొరకడానికి ఏరు ఆ దరిదాపుల్లో లేదట. ఒక్కో రాయి కింద ఒక్కో మట్టి దిబ్బ. చిన్న దిబ్బలు... మూరెడు కూడా లేవట.

తిరిగి పెట్టేసి వస్తానని వాడు గుడ్డ మూటని పట్టుకుని లేపబోయాడు. లేవలేదు. కొండ మీంచి ఒంటి చేత్తో మోసుకొచ్చిన రాయి అది. అంతలో గేటు దగ్గర సైరన్ కూసింది. ఆరయింది. ఇప్పుడు కంచె దాటితే కాల్చేస్తారు.

ఒళ్ళో బిడ్డ కాళ్ళు చల్లబడుతున్నాయని రామలక్ష్మి అంది. తరవాత చేతులన్నది. తరవాత బిడ్డ ఛాతీ మీద చెవి ఆనించి కూర్చుంది.

ఉయ్యాలలో ఏడుపు మాత్రం బలంగా ఉంది.

పాపమ్మ దాని పక్కన నేల మీద కూలబడింది. పోయిన ఇద్దరికీ చెయ్యలేనిది వీడికైనా చెయ్యాలి. దేవుళ్ళని పిలవాలనుకుంది, ఒక్క పేరూ గుర్తు రాలేదు. గుర్తున్న పేరు ఒక్కటే ఉంది తన దగ్గర. గుడ్డ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. కింద ఏదో ఊపిరి తీస్తోంది.

"ఆ పేరు నా మనవడిది తల్లీ. తప్పు సేసినాను. అది ఇచ్చీ... నా పేరు తీసుకో. పాపమ్మ. అరవై ఏళ్ళు వాడినాను, మంచి పేరే. పాపమ్మ... పాపమ్మ..."

మూడోసారి చెప్పేలోపే ఏడుపు ఆగింది.

మూలలోంచి పైడిరాజు గుక్కపట్టి ఏడ్చాడు.

తెల్లారి గేటు తియ్యగానే పైడయ్య రాయిని ఒంటి చేత్తో మోసుకెళ్ళి దాని దిబ్బ మీద పెట్టి వచ్చాడు. పిల్లవాడు నిలిచాడు. పాపమ్మ కూడా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. ఎవరినో పిలుస్తున్నారన్నట్టు అటూ ఇటూ చూసేది. మతిమరుపు ముదిరిందని జనం అనుకున్నారు. కామాచ్చి మాత్రం పొద్దు గూకాక ఆ పేరు పిలవడం మానేసింది. ఒకసారి అలవాటుగా పిలిస్తే, కంచె అవతల అడవిలోంచి సన్నగా "ఆఁ..." అని వినబడిందట.

మెర్డేకా, అంటే ఆ దేశానికి స్వతంత్రం, వచ్చిన ఏడు కంచె తీసేశారు. జెండాలు, బాజాలు. పిల్లలు కంచె ఉన్న గీత మీద అటూ ఇటూ గెంతారు. రెండేళ్ళ పైడిరాజు కూడా గెంతాడు. ఆ సంబరంలో కామాచ్చి పాత సంగతి మరిచిపోయి, దీపాల వేళ మిఠాయి గిన్నె పట్టుకుని పాపమ్మ గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

"పాపమ్మక్కా..."

పాపమ్మ గడప మీదే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

లోపల, రెండేళ్ళుగా ఖాళీగా వేలాడుతున్న ఉయ్యాల కిర్రుమంది.

"ఆఁ..."